కరెంటాచారి

కరెంటు మన జిల్లాకు 1902లో వచ్చె. మా పల్లెకు వచ్చేటప్పటికి నాకు పెండ్లయి, పెద్దోడు తప్పటడుగులు వేస్తా ఉండె. నవ్వాకండి, నిజమే చెప్తా ఉండా. అప్పుడు మనది చిక్కబళ్ళాపురం జిల్లా కాదు గదా, 2007లో విడదీసేదాకా కోలారు జిల్లానే. ఆ జిల్లాలోనే బంగారు గనులు. భూమిలోపల అంత లోతుకు దిగి రాయి పగలగొట్టేదానికి, ఊరిన నీళ్ళు తోడేదానికి తెల్లోళ్ళ కంపెనీలకు శక్తి కావల్సి వచ్చె. శేషాద్రి అయ్యర్ మైసూరు దివానుగా ఉన్నప్పుడు కావేరి మీద శివనసముద్రం దగ్గర పవర్‌హౌసు పని మొదలుపెట్టిరి. ఆడినుంచి 92 మైళ్ళు తీగ లాగి 1902 జూన్ ఆఖర్లో గనులకు కరెంటు ఇచ్చిరి. పాపం, శేషాద్రి అయ్యర్ దాన్ని చూడనే లేదు, ముందు ఏడే పోయినాడు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది కూడా ఆ తరువాతే, 1905లో. ముందు బంగారానికి, తరువాత పట్నానికి. మనకు మాత్రం ఇంకా అరవై ఏండ్లు సీమనూనె బుడ్డే గతి.

ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి రా. పొగ వస్తా ఉంది. తుమ్మ గదా ఇది? మా నాయన ఉండుంటే దీన్ని మంటలో వేయనిచ్చేవాడు కాదు. ఇంత నిటారు తుమ్మ దొరికితే మడకకు పెట్టేవాడు.

మాది వడ్రంగం. తాత ముత్తాతల నుంచి బాడిస, ఉలి, చిత్రిక, ఇవే మా ఆస్తి. పాతపాళ్య చుట్టుపక్కల పల్లెల్లో మడకలు, గొర్లు, గుంటకలు, కాడిమాన్లు, బండి చక్రాలు అన్నీ మా ఇంటినుంచే పోయేవి. దుడ్లు చేతికి వచ్చేది తక్కువ. ఏటా కళ్ళం చేసినప్పుడు రైతు రాగులు కొలిచి మేర పెట్టేవాడు. ఏడాదంతా వాని పనిముట్లు చూసుకొనేది మా పూచీ. కోత కాలంలో మేము గోనెసంచి పట్టుకొని కళ్ళం కళ్ళానికి పోతా ఉంటిమి.

అన్నింటికంటే గొప్ప పని కపిల గిలక. మీరెవరూ కపిల చూడలేదు. బావి గట్టున రెండు మాన్లు నిలిపి, వాటి నడుమ గిలక పెడతారు. గిలక మీద మోకు, మోకు చివర తోలు బాన. ఆ బానకు కింద తొండం మాదిరి ఒక గొట్టం. ఎద్దులు ఏటవాలు దారిలో దిగతా ఉంటే బాన పైకి వస్తుంది. తొండం తొట్టిలో పడి నీళ్ళు బుడబుడమని కాలవలోకి పారతాయి. మళ్ళీ ఎద్దుల్ని వెనక్కి నడిపించల్ల. చుక్క పొడిచినప్పుడు మొదలుపెడితే ఎండెక్కేదాకా ఇదే పని. తోలేవాడు పాడతా ఉంటాడు, గిలక అరస్తా ఉంటుంది. ఆ అరుపు విని, ఇది ఫలానా వాళ్ళ బావి, ఇరుసు అరిగింది, రేపో మాపో నాకు కబురొస్తుంది అని పడకలోనే అనుకుంటా ఉంటిని. గిలక చెయ్యడం తెలిసినవాడికి అన్నం ఎప్పుడూ ఉంటుందని మా నాయన చెప్పె. ఆయన మాట అబద్ధం కాలేదు, ఆయన కాలం మారింది అంతే.

పొలాలకు కరెంటు కంబాలు వచ్చె. మొదట కలిగినోళ్ళ బావికి ఒక మోటారు. అప్పుడు ఊరంతా తిరనాళ్ళకు పోయినట్టు పోయి చూస్తిమి. ఎద్దు లేదు, మోకు లేదు, మనిషి ఒక పెట్టె మీద పచ్చగుండీ నొక్కితే చాలు, నీళ్ళు దూకతా ఉండాయి. ఆ పొద్దు నాకు భయం వేయలేదు. వేడుకే. తరువాత ఒక బావి, ఇంకొక బావి. గిలకలు అడిగేవాళ్ళు తగ్గిరి. బండ్లకు రబ్బరు టైర్లు వచ్చె. మా చక్రాలు గోడకు ఆనించినవి ఆనించినట్టే చెదలు పట్టె. ఒక ఏడు కళ్ళంలో ఒక రైతు సగం మేరే కొలిచె. నేను మొగం చూస్తే, "ఆచారీ, ఏమీ అనుకోవద్దప్పా. కపిల లేదు, గిలక లేదు, ఏం చేసినావని కొలవల్ల?" అనె. ఆయన కళ్ళెత్తి నన్ను చూడలేకపోయె. మాట మాత్రం న్యాయమే. నేను ఆ రాగులు ఎత్తుకొని ఇంటికి వచ్చి, అవి ఎన్ని నెలలు వస్తాయో లెక్కపెట్టుకుంటిని. అప్పటికి నాకు నలభై దాటె. ఇంట్లో నలుగురు పిల్లోళ్ళు.

మా తమ్ముడు బెంగళూరుకు పోయి తలుపులు, కిటికీలు చేసే పనిలో చేరె. నన్నూ రమ్మనె. పోయుంటే ఈ కథే లేదు. నన్ను ఆపింది ఏందో తెలుసునా? టేకు బద్దలు.

ఇప్పుడు మీ ఇండ్లల్లో తీగలన్నీ గోడలోపల ప్లాస్టిక్ పైపుల్లో పోతాయి. అప్పుడు అట్ల కాదు. పాత పెద్దిండ్లలో టేకు కేసింగు. చెక్కలో రెండు గాడులు తీసి, తీగలు వేరువేరుగా వాటిలో పెట్టి, పైన చెక్కమూత బిగించేవాళ్ళు. ఆ తరువాత టేకు బద్దల వైరింగు వచ్చె. గోడలో చెక్క దిమ్మలు దిగ్గొట్టి, వాటికి బద్దలు బిగించి, బద్ద మీద తీగను రేకు క్లిప్పులతో పట్టించేది. స్విచ్చి కింద గుండ్రటి చెక్క, బోర్డు కూడా చెక్కే. అంటే వైరింగు పనిలో సగం వడ్రంగమే! కరెంటు తెలిసినవానికి చెక్క తెలీదు. మూలల్లో బద్దలు కలిసేచోట వేలు దూరేంత సందు. గోడ మీద చూస్తే అసయ్యం.

1979-80లో భాగ్యజ్యోతి స్కీము వచ్చె. బీదోళ్ళ ఇంటికి ఒకే ఒక బల్బు, 40 వాట్లది. ఒక కాంట్రాక్టరు మన పక్క పల్లెల పని పట్టుకొని, బద్దలు కొట్టేదానికి మనిషి కావల్లని నన్ను పిలిచె. కూలికి పోతిని. నేను కొట్టిన మూలల్లో బద్దా బద్దా కలిసినచోటు కనిపించేది కాదు. ఆ కాంట్రాక్టరు వేలితో తడిమి చూసి, "నువ్వే తీగలు కూడా లాగేయ్ ఆచారీ, నేను చెప్తా" అనె. వాని సోమరితనమే నాకు దారి చూపించె, అది వేరే మాట. ఒక ముసలామె ఇంట్లో బల్బు వెలిగినప్పుడు, ఆమె ముందు చూసింది బల్బును కాదు, ఇంటి పైకప్పును. ఎన్నేండ్ల మసి పట్టిందో అప్పుడే కనిపించె. మరుసటి దినం పోతే సున్నం కొడతా ఉండె.

బద్దలు కొట్టి తీగ లాగితే బల్బు వెలుగుతుంది. కానీ పొలాల్లో మోటార్లు కాలిపోతా ఉండాయి, బాగుచేసేవాడు మన దిక్కు లేడు. బండి మీద వేసుకొని చింతామణికి పోవల్ల. అన్నం ఆడ ఉందని నాకు తెలిసిపోయె. ఇంట్లో చెప్తే మీ అవ్వ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి నిలబడె. "ఉలి జారితే వేలు తెగతాది. అది జారితే మనిషే పోతాడు. ఈ వయసులో పిల్లోళ్ళతో కలిసి నేర్చుకొనే పనేనా అది?" అనె. నేను గట్టిగా ఏమీ చెప్పలేకపోతిని. ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది? చేళూరు దాకా పోయి, ఆడినుంచి చింతామణి బస్సెక్కితిని.

మోటారు వైండింగు అంగడి నడిపే ఉస్తాదు సాయిబుల పిల్లోడు. ఐటీఐ చదివినాడు. మా పెద్దోని కంటే ఐదారేండ్లు పెద్ద, అంతే. నేను "ఉస్తాదూ" అంటే వానికి సిగ్గు. వాడు నన్ను "ఆచారి మామా" అంటా ఉండె. రైతులు వచ్చి తెల్లవెంట్రుకలు చూసి నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. "పెద్దాయనా, మోటారు ఎప్పుడిస్తారు?" నేను చెయ్యెత్తి ఆ పిల్లోణ్ణి చూపిస్తా ఉంటిని. మొదట్లో ఆ చెయ్యెత్తేదే కష్టం. అన్నేండ్లు ఊర్లో "ఆచారీ, నువ్వు చెప్పు" అనిపించుకున్నవాడు, ఒక పిల్లోడు "మామా, అది అట్ల కాదు" అంటే ఎట్ల ఉంటుంది? కడుపులో ఏదో తిరుగుతుంది. దానికి మందు లేదు, కొన్నాళ్ళకు అదే అణిగిపోతుంది. వాడు మంచోడు గాబట్టి ఎవరూ లేనప్పుడే దిద్దుతా ఉండె.

నేర్పిన మొదటి పాఠం, కొయ్యకముందు లెక్కపెట్టు. కాలిన మోటారు తెస్తే అందరూ ఉలితో రాగి కోసేదానికి తొందరపడతారు. కోసేస్తే ఇంకేముంది? ఎన్ని చుట్లో, తీగ ఎంత లావో, ఒక చుట్ట ఏ గాడిలో దిగి ఏ గాడిలో తేలిందో, కొసలు ఎట్ల కలిపినారో, అన్నీ రాసుకున్నాకే చెయ్యి వేయల్ల. 36 గాడులు, మూడు ఫేజులు, నాలుగు పోల్సు. అంటే ఒక్కో పోల్‌లో ఒక్కో ఫేజుకు మూడు గాడులు. ఈ లెక్క నాకు కష్టం కాలేదు. బండి చక్రానికి ఆకులు పంచి దిగ్గొట్టినవానికి స్టేటరు చుట్టూ గాడులు పంచేది కొత్త కాదు. నాలుగు పోల్సు మోటారు మన 50 సైకిళ్ళ కరెంటుకు నిమిషానికి 1500 చుట్లు తిరగల్ల, బరువు మీద 1440 తిరుగుతుంది. అది ఎందుకో ఉస్తాదు చెప్పినాడు, నాకు సగమే ఎక్కె. సగంతోనే పని జరిగిపోయె.

నేనూ ఉత్త చేతులతో పోలేదు. రాగి తీగ చుట్టేదానికి చెక్క ఫార్మా కావల్ల. ఒక్కో మోటారుకు ఒక్కో కొలత. ఉస్తాదు ఏవో ముక్కలు మేకులతో కొట్టి వాడుకుంటా ఉండె, చుట్ట ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చేది. నేను టేకుతో మెట్లు మెట్లుగా ఒక ఫార్మా చేసిస్తిని. మూడు చుట్టలు ఒకే తడవ, వెంట్రుకంత తేడా లేకుండా వచ్చె. గాడి నోరు మూసేదానికి వెదురు బద్దలు కావల్ల, అవి చెక్కేదానికి నాకంటే ఎవరుండారు? ఆ పొద్దునుంచి వాడు లెక్క చెప్పేది, నేను చెక్క చేసేది. ఎవరు ఎవరికి ఉస్తాదో చూసేవాళ్ళకు తెలీదు.

ఇదో, ఈ అల్లుడు ఇందాక అడిగె. టమాట పంటలో పోయింది పోగా మిగిలింది ఏమీ లేదు, నలభై నాలుగేండ్లు, ఈ వయసులో కరెంటు పని నేర్చుకుంటే నవ్వరా అని. నవ్వుతారప్పా. నవ్వనీ. నేను చెప్పేది ఏందంటే, ఈ పనికి నడివయసోడే మేలు. ఎందుకు? భయం. ఇరవై ఏండ్ల పిల్లోనికి చావు ఎవరికో వచ్చేది. ఉత్త చేత్తో తీగ ముట్టుకొని "ఏం లేదు, చిన్న షాక్" అంటాడు. నలభై ఏండ్లోడు తీగ వైపు చెయ్యి చాచేటప్పుడు ఇంట్లో పిల్లోళ్ళు, తీరని అప్పు, కూతురి పెండ్లి, అన్నీ కనిపిస్తాయి. చెయ్యి ఆగుతుంది. ఆ ఆగేదే కావల్సింది.

ఒంటి చెయ్యి పని అని ఒకటుంది. బతికున్న తీగ దగ్గర పోవల్సి వస్తే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోవల్ల. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెమీదుగా పోతుంది. నేను ఎండిన టేకుతో ఒక పీట చేసుకొని, దాని మీద నిలబడి పని చేస్తా ఉంటిని. పిల్లోళ్ళు నవ్వేవాళ్ళు. వానలో తడిసిన పొద్దు ఆ పీటను కూడా నమ్మేది లేదు, తడిసిన చెక్క కరెంటు తాగుతుంది. టెస్టరు వెలగలేదని చెయ్యి పెట్టేవాళ్ళను చూసినా. నేను ఎప్పుడూ రెండు బల్బులు వరసగా కలిపిన టెస్టు ల్యాంపు పట్టుకుపోతా ఉంటిని. ఎందుకు రెండు? మోటారు దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు. 230ది ఒక్కటే పెడితే ఢామ్మని పేలి మొగాన పడుతుంది.

పర్మిట్ లేకుండా వైరింగు చేసేది చట్టం ఒప్పుకోదు. 1956 నాటి కరెంటు రూల్సులోనే ఉంది ఆ మాట. పరీక్షకు పోతే నా ముందు వరసలో అందరూ మీసాలు మొలవని పిల్లోళ్ళు. అడిగేది కన్నడంలో, నేను లోపల తెలుగులో తిప్పుకొని కన్నడంలో చెప్పేది. మన సీమలో పుట్టినవానికి ఇది అలవాటే, బళ్ళో ఒకటి, ఇంట్లో ఒకటి. "ఎర్తింగు ఎందుకు చేస్తారు?" అని అడిగిరి. పుస్తకంలో మాట నోటికి రాలేదు. "సార్, మోటారు ఒళ్ళంతా కరెంటు పాకినప్పుడు, రైతు చెయ్యి వేసేలోపల అది భూమిలోకి పోయేదానికి ఒక దారి చూపించల్ల. దారి చూపించకపోతే అది రైతునే దారి చేసుకుంటుంది" అంటిని. వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకొని రాసుకొనిరి. పర్మిట్ చేతికి వచ్చినాక ఊర్లో నా పేరు మారె. ఆచారి పోయి కరెంటాచారి.

తమాషాలు కూడా తక్కువ కాదు. ఒక రైతు కొత్త మోటారు బిగించుకొనె. మోటారు తిరుగుతుంది, నీళ్ళు మాత్రం సరిగ్గా ఎక్కవు. పంపు మార్చమన్నారు ఒకరు, బావికి దిష్టి అన్నారు ఇంకొకరు, కోడిని కూడా కోసిరి. నేను పోయి చూస్తే మోటారు వెనక్కి తిరుగుతా ఉంది. మెయిన్ తీసేసి, మూడు తీగల్లో రెండింటిని అటూ ఇటూ మార్చితిని, నీళ్ళు దూకె. కూలి అడిగితే, "రెండు తీగలు మార్చినదానికా?" అని దెబ్బలాటకు వచ్చె. కోడిని కోసినవానికి మాత్రం తొడముక్క ఇచ్చినాడంట.

మోటార్లు ఎందుకు అంతగా కాలేవో చెప్తా. మూడు ఫేజుల్లో ఒకటి పోతే, తిరిగే మోటారు ఆగదు. మిగిలిన రెంటి మీదనే ఈడుస్తుంది, మామూలు కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది. గుర్రుమని మూలుగుతుంది, కాసేపటికి వాసన. విప్పి చూస్తే కొన్ని చుట్టలు బొగ్గు, పక్కవి నిగనిగలాడే రాగి. అది చూస్తే చాలు, ఫేజు పోయిందని చెప్పేయొచ్చు. సరైన ఫ్యూజు ఉంటే అది కరిగిపోయి మోటారును కాపాడొచ్చు. మనవాళ్ళు మాటిమాటికి ఫ్యూజు పోతా ఉందని లావు తీగ పెడతారు. అప్పుడు ఫ్యూజు బదులు మోటారు పోతుంది. నేను మందలిస్తే, "నువ్వే గదా మళ్ళీ చుట్టేది, నీకు దుడ్లే గదా" అంటా ఉండిరి. ఏం చెప్తావు?

ఇంకొకటి ఉంది, చెప్పాలనుకోను గానీ చెప్తా. నేను గిలక చేసిచ్చిన బావుల్లోనే మోటార్లు బిగిస్తిని. ఎద్దులు అలిసిపోయేవి, అవి అలిసినప్పుడు బావికి కూడా ఊరేదానికి టైము దొరికేది. మోటారు అలవదు. మనకు చూస్తే చిత్రావతి, పాపఘ్ని రెండూ నందికొండల్లోనే పుడతాయి, కానీ వాన పడినప్పుడే అవి నదులు. చెరువు, బావి, అంతే మన నీళ్ళు. 90ల మొదట్లో బంగారప్ప ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 10 హెచ్‌పీ లోపల పంపుసెట్లకు కరెంటు ఉచితం చేసిరి. రైతు బతకల్ల గదా, తప్పనను. కానీ బావులు ఎండె, బోర్లు దిగె, వంద అడుగులు పోయి వెయ్యి అడుగులు దాటె. మోటారును గట్టుమీద నుంచి తీసి నీళ్ళలోపల మునకేసే సబ్‌మెర్సిబుల్ వచ్చె. నేను మళ్ళీ కొత్తగా నేర్చుకోవల్సి వచ్చె, దాంట్లో తీగే వేరు, ప్లాస్టిక్ తొడుగుండేది. బోరు వట్టిపోయిన రైతు పైపులు ఎత్తించేటప్పుడు నేనూ ఆడ ఉండల్ల, కేబులు విప్పేది నేనే గదా. ఆ పొద్దు కూలి అడిగేదానికి నోరు రాదు. వాళ్ళే ఇస్తారు. తీసుకుంటిని, నాకూ ఇల్లుంది.

వయసు గురించి ఇంకేమి చెప్పల్ల? మన కైవారం తాతయ్య ఏం చేస్తా ఉండె? గాజుల మలారం మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మేవాడు. మలారం దించినాకే తత్వాలు. అమెరికాలో మోర్స్ అని ఒకాయన బొమ్మలు గీసి బతికేవాడంట. 1832లో ఓడలో ఎవరో కరెంటు సంగతి మాట్లాడుకుంటా ఉంటే విన్నాడు. అప్పటికి 41 ఏండ్లు. టెలిగ్రాఫు పట్టుకున్నాడు. ఇదంతా మా పెద్దోడు చదివి చెప్పె. అంత దూరం ఎందుకు, 2001లో ఆ బంగారు గనులు మూసేస్తే, నేల కింద బతుకు గడిపిన మొగోళ్ళు ఏమైరి? తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పోయి, ఏ పని దొరికితే ఆ పని చేసి రాత్రికి ఇల్లు చేరిరి. మన జిల్లాలో మొట్టమొదట కరెంటు వచ్చిన ఊరు అది. ఇప్పుడు పావగడ చూడండి, 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలారు. ఆడ శెనక్కాయ పండించిన తెలుగోళ్ళు ఎకరాకు ఏటా ఇంత అని బాడుగ తీసుకుంటా, ఆ పలకల నడుమే కాపలాకో, గడ్డి కోసేదానికో పోతా ఉండారు.

అల్లుడా, నువ్వు సోలారు కూడా నేర్చుకో, ముందు ముందు అదే. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. మన లైను అయితే మెయిన్ తీస్తే చచ్చిపోతుంది. సోలారు పలకలో ఎండ ఉన్నంతసేపూ ప్రాణం ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్చి సూర్యుని దగ్గరుంది. ఫోన్లో చూసి నేర్చుకున్నా అని మాత్రం నా దగ్గరికి రావద్దు. ఫోన్లో వాసన రాదు. పని చేసేవాని పక్కన నిలబడల్ల, వాడు నీకంటే చిన్నోడైతే మరీ మంచిది, వానికి ఓపికుంటుంది. చెప్పులు మార్చు, ఆ అరిగిపోయిన హవాయి చెప్పులతో స్టార్టరు దగ్గరికి పోవద్దు. చేతి వాచీ, ఉంగరం ఇంట్లో పెట్టి రా.

పొద్దున్నే మా దొడ్లోకి రా. మీటరు కింద ఎర్తు గుంత ఎండిపోయి రాయి అయిపోయుంది. పైపు మార్చి మళ్ళీ పెట్టల్ల, నీ మొదటి పని అదే. నేను పీట వేసుకొని కూర్చుంటా. గడ్డపార నువ్వే తెచ్చుకో, మాది మొండిది. బొగ్గు ఇంట్లో ఉంది. ఉప్పు మాత్రం వచ్చేటప్పుడు అంగట్లో ఒక మూట తీసుకురా. గళ్ళుప్పు. పొడి ఉప్పు తెచ్చేవు, వెనక్కి పంపిస్తా.